జీపులోంచి దిగిన డైరెక్టరు సారు

మా ఊరికి సినిమా తీసేవాళ్ళు వచ్చిన రోజు సర్పంచి పూలదండ తీసుకెళ్ళి డ్రైవరు మెడలో వేశాడు. ఆయన తప్పేం లేదు. జీపులోంచి ముగ్గురు దిగారు. ఒకాయనకు నల్లకళ్ళద్దాలు, టోపీ, చూడగానే దండం పెట్టాలనిపించేంత పొట్ట. రెండో ఆయన కెమెరా పెట్టెను చంటిబిడ్డలా చంకనెత్తుకున్నాడు. మూడో మనిషి నేతచీరలో సన్నపాటి ఆడమనిషి, రెండు చేతుల్లోనూ సంచులు. దండ ఎవరికి వేయాలో అంత పెద్దమనిషికి ఒకరు చెప్పాలా?

డెబ్బైల నడుమ మాట ఇది. మా ఊరు పటాన్‌చెరు దగ్గర, ఇంద్రేశానికి అవతల. బడి వరండాలో సర్కారువాళ్ళు కొత్తగా టీవీ పెట్టించారు. పొద్దుగూకగానే మగవాళ్ళంతా దాని ముందు చేరి ఎరువుల గురించి, పశువుల రోగాల గురించి నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆడవాళ్ళు రాకూడదని ఎవరూ అనలేదు. మరి వంటెవరు చేస్తారని మాత్రం అడిగేవాళ్ళు, అంతే. ఆ టీవీలో చూపించడానికే, పల్లెలో ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో సినిమా తీయమని ఈ సన్నపాటి ఆమెను పంపారు. డైరెక్టరు ఈమే.

"అయ్యా, డైరెక్టర్ని నేనండీ," అని ఆమె మెల్లగా చెప్పింది కూడా.

సర్పంచి కడుపారా నవ్వాడు. "మంచిగున్నది బిడ్డా నీ మజాక్! లోపలికి పో, సారుకు జెర చాయ్ చెప్పు."

ఊళ్ళో తలుపున్న స్నానాలగది మా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆమెకు మా ఇంట్లో బస. ఏడో తరగతి దాకా చదివి, ఆడపిల్లకు ఇక చాలంటే ఇంట్లో కూర్చున్న నాకు ఆమె వెంట తిరగడమే పనైంది.

మర్నాడు నాట్లు వేసేచోట కెమెరా పెట్టారు. ఆడవాళ్ళు ఇంకా మళ్ళోకి దిగనేలేదు, మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఊరి సినిమా అన్నాక ఊరు కనబడాలి కదా! ఊరంటే వాళ్ళు కదా! అంతమంది మామలు, బావలు ఎదురుగా ఉంటే కోడళ్ళు తలెత్తుతారా? కొంగు మొహం మీదికి లాక్కుని అందరూ అటు తిరిగిపోయారు. కెమెరాకు దొరికినవి నడుములు మాత్రమే.

"కొంచెం పక్కకు వెళ్ళండీ," అని ఆమె అడిగితే మగవాళ్ళంతా డ్రైవరు వైపు చూశారు.

"జరగమంటున్నది సార్. జరగాల్నా?"

డ్రైవరు చెమటలు కక్కుతూ "జరుగుండ్రి" అన్నాడు. జానెడు జరిగారు. సాయంత్రానికి ఒక రీలంతా ఇస్త్రీ చొక్కాల పాలైంది.

ఆ రాత్రి మా వాకిట్లో ఆమె జొన్నరొట్టె తుంచుతోంది గానీ తినడం లేదు. వాళ్ళ నాన్న కోస్తా నుంచి ఇక్కడి కంపెనీలో పనికొచ్చి ఆ కంపెనీ కాలనీలోనే స్థిరపడ్డాడట. ఈమె సినిమా తీయడం చదువుకుని టీవీలో చేరితే మొదట స్క్రిప్టులు కాపీ చేయించారట. తర్వాత మొహం బాగుందని, బొట్టు పెట్టుకుని కూర్చుని రాబోయే కార్యక్రమం పేరు చెప్పమన్నారట. ఎన్నాళ్ళో అడగ్గా అడగ్గా ఇది ఇచ్చారు.

"ఇది చెడితే మళ్ళీ బొట్టూ, కుర్చీయే," అంది. "మా ఆఫీసరుగారు ముందే చెప్పేశారు. ఆడవాళ్ళకు డైరెక్షను రాదనడానికి ఆయనకు ఒక్క ఉదాహరణ కావాలి, అంతే."

తప్పంతా తనదే అనిపించి డ్రైవరు లేచాడు. "అమ్మా, నేను ఒట్టి డ్రైవర్నని పొద్దుగాల్నే చెప్పేస్త. పరేషాన్ గాకు."

నాకు నోరాగలేదు. "ఎందుకు చెప్తవే అన్నా? నువ్వు చెప్పినా నమ్ముతరా? గట్లనే కుర్చీల కూసో. వాళ్ళకు రిహార్సలు పెట్టు."

ఆమె రొట్టె తినడం మొదలుపెట్టింది.

పొద్దున్నే డ్రైవరు చావడి ముందు కుర్చీ వేయించుకున్నాడు. పెద్దమనుషులకు పెద్ద సీను ఉందనీ, రిహార్సలు లేకుండా తీసేది కాదనీ చెప్పాడు. ఇక చూడండి! సర్పంచి చావడి మెట్లు దిగాలి, ఆగాలి, పొలాల వైపు చూసి మీసం తిప్పాలి.

"కట్! గిదేం నడక పటేలా? ఇంకో పారి!"

ఊరిని గడగడలాడించే మనిషి "అట్లనే సార్" అని మళ్ళీ మెట్లెక్కేవాడు. మా నాయనైతే రాత్రి షిఫ్టు దిగి పటాన్‌చెరు నుంచి తిన్నగా రిహార్సలుకే వెళ్ళాడు. ఇంట్లో ఒక బిందె ఎత్తమంటే నడుం నొప్పి అనే మనిషి!

అక్కడ మళ్ళో మాత్రం కొంగులు జారి భుజాల మీదికొచ్చాయి. ఆమె చీర ఎగ్గట్టి బురదలో దిగింది. మా వదిన ఆమెను చూసి "ఓ పట్నపక్కా, నారు తొక్కుతున్నవ్, జెర చూసుకో!" అని కేకేస్తే అందరూ నవ్వారు. ఆ నవ్వు సినిమాలోకి ఎక్కింది. అత్తల మీద కట్టిన పాటలు ఎక్కాయి. చద్దిమూటలు, చంటిపిల్లలు ఎక్కారు. మర్నాడు తెల్లవారుజామున కూడా వెళ్ళి, రీళ్ళు అయ్యేదాకా తీసింది.

కొన్నాళ్ళకు ఆ సినిమా టీవీలో వస్తుందని తెలిసింది. జనం ఏమంటారో చూడాలని ఆఫీసరుగారు కూడా జీపులో ఆమెతో పాటు దిగారు. ఆయన మొహంలో అప్పటికే కొంచెం జాలి ఉంది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు పొయ్యిలార్పేసి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

సినిమా నడిచినంతసేపూ వాళ్ళ గోల చూడాలి. "అగో నేనే!" "ఓయమ్మ, నా మొకం గింత పెద్దగుంటదా!" మగవాళ్ళు మాత్రం మెడలు చాచి తమ సీను కోసం కాచుకున్నారు. మెట్లు రాలేదు, మీసం రాలేదు. చివర్లో పచ్చటి మడి వెనకాల దూరంగా గట్టు మీద ఒక మగమనిషి కనిపించాడు. తెల్లవారుజామున చెంబు పట్టుకుని పొదల వైపు త్వరత్వరగా పోతున్నాడు.

"గా పొయ్యేది మన సర్పంచి పటేల్ గాదే?" అంది మా వదిన. వరండా దద్దరిల్లింది.

ఆయన అక్కడ ఉన్నట్టు తాను గమనించనే లేదని ఆమె నాతో ఒట్టు వేసి చెప్పింది. నేను నమ్మాను. నమ్మడం ఆరోగ్యానికి మంచిది.

సర్పంచి లేచి ఆఫీసరు మీదికి వెళ్ళాడు. ఇక ఆమెకు మళ్ళీ బొట్టూ, కుర్చీయే అనుకున్నాను.

"సార్, గా డైరెక్టరును ఇయ్యాల్నే తీసెయ్యాలె! దినమంతా మెట్లు ఎక్కించిండు, దించిండు, ఆఖరికి నా ఇజ్జత్ తీసిండు!"

"ఏ డైరెక్టరండీ?" అన్నాడు ఆఫీసరు.

సర్పంచి జీపు వైపు చెయ్యి చూపాడు. నల్లకళ్ళద్దాల సారు బానెట్ మీద కూర్చుని బఠాణీలు తింటున్నాడు. "గాయనే! గాయన జాగల ఈ బిడ్డను పెట్టుండ్రి. నెమ్మది గల్ల పిల్ల, ఒక్కనాడు నోరెత్తలే."

ఆఫీసరు డ్రైవర్ని చూశాడు, ఆమెను చూశాడు. ఇంతలో ముందు వరస నుంచి మా వదిన "సార్, మాది మళ్ళెప్పుడు ఏస్తరు?" అంది. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆడవాళ్ళకు డైరెక్షను రాదని ఇంతమంది ఆడవాళ్ళ ముందు చెప్పడానికి ఆఫీసరుకు ధైర్యం చాల్లేదేమో.

"సరే, తీసేశాం," అన్నాడు. "ఇక నుంచి ఈమే డైరెక్టరు."

సర్పంచి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాడు. పట్నంలో ఒక ఆడపిల్లకు డైరెక్టరు ఉద్యోగం తానే వేయించానని అప్పటి నుంచి చెప్పుకుంటున్నాడు.

తర్వాతి సినిమా బొంతపల్లిలో. గొడుగు పట్టడానికి నన్నూ తీసుకెళ్ళింది. సర్పంచి చెప్పుకుంటున్న ఈ గొప్పలన్నీ షూటింగు మధ్యలో ఆవేశంగా ఆమె చెవిన వేశాను.

"చెప్పుకోనీవే," అంది కెమెరా వైపు చూస్తూనే. "గొడుగు కొంచెం ఇటు వంచు. ఎండ పోకముందే ఈ షాటు అవ్వాలి."