ఆకలి కాటు, భయం కాటు

హెర్మీనియో ఎవరితోనైనా మాట్లాడే ముందు వాళ్ళను కర్రతో రెండుసార్లు తట్టేవాడు. గట్టిగా ఏం కాదు. చిటికెన వేలంత సన్నటి కర్ర. దాంతో భుజం మీదో, కూర్చున్న బల్ల మీదో, టక్ టక్. ఆ తరువాతే "బాగున్నారా" అనేవాడు. పాపాలు చెప్పుకోవడానికి చర్చికి వెళ్ళినా, ఫాదర్‌గారు కూర్చున్న చెక్కగదిని రెండు తట్లు తట్టి మరీ మోకరిల్లేవాడు. లోపల కునుకు తీస్తున్న ఫాదర్‌గారు ఉలిక్కిపడి, ఈయన నోరు విప్పకముందే పాపాలన్నీ క్షమించేసిన రోజులున్నాయి.

ఈ రోగం ఆయనకు పాము వల్ల అంటుకుందని అందరూ అనేవాళ్ళు. గ్వామా ఏటి రేవులో కర్రపెండలం పిండి గోదాముకు ఆయన కాపలాదారు. పిండి ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట కొండచిలువ ఉంటుంది. ఆ రేవులో అది మామూలే. మిగతా గోదాముల వాళ్ళు దాన్ని పిల్లిని పెంచినట్టు పెంచితే, హెర్మీనియో అత్తగారిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. పెద్దింటి ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే 'దోన'ను దానికి తగిలించి, దోన బ్రీజిదా అని పిలిచేవాడు. నిలువున్నర పొడవు, పిక్కంత లావు. బస్తాల వెనక ఒక చెక్కపెట్టెలో ఆవిడ కాపురం. పెళ్ళాం పోయి చాన్నాళ్ళయిన హెర్మీనియోకు ఇంట్లో చెప్పుకోవలసిన కబుర్లన్నీ ఆ పెట్టెకే దక్కేవి.

"ఎలుకలు దొరకని రోజు నేను కోడిపిల్లను వేస్తాను. కాబట్టి మూత తీయగానే ఆవిడ తిండి వచ్చిందనుకుంటుంది," అని అడగని వాళ్ళకు కూడా చెప్పేవాడు. "అప్పుడు చెయ్యి పెడితే ఆ చెయ్యే తిండి. తప్పు ఆవిడది కాదు. అందుకే ముందు రెండు తట్లు. వచ్చింది తిండి కాదు, మనిషి అని చెప్పడానికి."

"అది పాముకయ్యా. నన్నెందుకు తడతావు?" అన్నాడు కొత్తగా వచ్చిన పోస్టు గుమస్తా.

"నేను దేనికొచ్చానో తమరికి మాత్రం ఎట్లా తెలుస్తుంది?"

ఆయన లెక్కలో లోకంలో కాట్లు రెండే రకాలు. మెడ వంకీ తిప్పి, బుస కొట్టి, కరిచి వెంటనే వదిలేస్తే అది భయం కాటు. చప్పుడు చేయకుండా, నాలుక ఆడిస్తూ దగ్గరికొచ్చి, పట్టుకుని ఇక వదలకపోతే అది ఆకలి కాటు. రేవులో ఇద్దరు కొట్టుకుంటుంటే జనం విడదీసేవాళ్ళు, ఈయన మాత్రం వాళ్ళ మెడలు చూసేవాడు. ఓట్లకు వచ్చిన పెద్దమనిషి నవ్వుతూ అందరినీ కౌగిలించుకుంటుంటే, "బుస లేదు, జాగ్రత్త," అంటూ వెనక్కి జరిగాడు. మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకును రెండు తట్లు తట్టి, "కుర్రాడిది ఆకలే, భయం లేదు. అన్నం పెట్టాక కాసేపు కదిలించకు, చాలు," అని పెళ్ళికూతుర్ని దీవించాడు.

ఊరంతా నవ్వుకునేది. నవ్వనిది జుల్మీరా ఒక్కతే.

జుల్మీరా ఆ గోదాము చూరు కింద మొక్కజొన్న జావ అమ్మేది. కొబ్బరిపాలు పోసి, దాల్చినచెక్క పొడి చల్లి ఆమె కాచే జావకు రేవులో సాటి లేదు. ఆమె నోటికీ సాటి లేదు. మొగుడు జిల్దాజియో ఆరేళ్ళ కిందట ఎవరితోనో మనౌస్ పట్నం పోయే పడవెక్కి వెళ్ళిపోయాడు. అయ్యో పాపం అని ఊరు జాలిపడింది. ఆ జాలి చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. అతగాడు తన జన్మలో చేసిన ఒకే ఒక మంచి పని ఆ పడవెక్కడమని ఆమెకు తెలుసు. ఆ మాట ఊరికి చెప్పేంత చనువు ఆమె ఊరికి ఇవ్వలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలంటారు. ముందు ఊరు మంచిదై చూపించనీ, నా నోటి సంగతి తరువాత చూద్దామన్నది ఆమె పద్ధతి.

ప్రతి పొద్దునా హెర్మీనియో వచ్చి ఆమె బల్లను టక్ టక్‌మనిపించేవాడు.

"ఒక గిన్నె, దోన జుల్మీరా."

"పాముకు పెట్టిన పేరు నాకు పెట్టకు."

"ఆవిడకు గౌరవం ఇచ్చి నీకు ఇవ్వకపోతే బాగుంటుందా?"

"ఆ కర్ర ఏదో ఒకనాడు నా పొయ్యిలో ఉంటుంది."

"అదుగో, మెడ వంకీ తిరిగింది," అనేవాడు గిన్నె అందుకుంటూ, పక్కవాళ్ళతో. "ఏం పర్లేదు. కరిచి వదిలేసే రకం."

ఈ తట్టుడు ఆయన ఒక్కడితో పోతే ఏదోలే అనుకునేది. రేవు రేవంతా మొదలుపెట్టింది. పడవ నడిపే కనూతో అనేవాడు తెడ్డుతో బల్లకోడును తట్టేవాడు. చేపలమ్మే ఆవిడ కత్తి పిడితో తట్టేది. పోలీసు సార్జెంటు ఉంగరంతో తట్టేవాడు. ఎవరొచ్చినా ముందు టక్ టక్, తరువాతే జావ. ఒకసారి తలనొప్పితో ఆమె ఎవరితోనూ మాట్లాడకపోతే, "కళ్ళు పాలబారాయి. కుబుసం విడిచే వేళ పామును కదిలించకూడదు," అని హెర్మీనియో చాటింపు వేశాడు. ఆ వారమంతా ఎవరి గిన్నె వాళ్ళే ముంచుకుని, డబ్బాలో డబ్బులు వేసి, పిల్లుల్లా వెళ్ళిపోయారు. ఊరు ఊరంతా కలిసి తనను ఆటపట్టిస్తోందని జుల్మీరా కుమిలిపోయింది. ఆ మంట రోజూ ఎవరో ఒకరి మీద కక్కేది.

ఇలా ఉండగా గోదాము యజమాని కన్నుమూశాడు. బెలేం పట్నం నుంచి ఆయన మేనల్లుడు ఓతోనియెల్ దిగాడు. వచ్చిన రోజే గోదాము చుట్టూ తిరిగి చూస్తూ, జావ కలుపుతున్న జుల్మీరా వెనక నుంచి వచ్చి, "ఏమ్మా, ఎవరు నువ్వు?" అని భుజం మీద చెయ్యి వేశాడు.

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడితే తరువాత ఏం పడుతుందో జుల్మీరా ఒంటికి తెలుసు. జిల్దాజియో ఎప్పుడూ వెనక నుంచే వచ్చేవాడు. మొగుడు పడవెక్కి పోయిన సంగతి ఆమెకు తెలుసు గానీ, ఒంటికి ఇంకా తెలియదు. చేతిలో గరిటె తనంతట తానే తిరిగింది. కాగుతున్న జావ ఓతోనియెల్ కొత్త చొక్కా మీద, కాస్త మెడ మీద పడింది.

"ఈ పిచ్చిదాన్ని ఇక్కడ పెట్టిందెవరు?" అన్నాడు ఓతోనియెల్ మెడ పట్టుకుని. "సెయింట్ జాన్ పండగకు ఈ చూరు కింద బల్ల కనిపించకూడదు."

ఆ చూరు తప్ప జుల్మీరాకు వేరే చోటు లేదు. ఒడ్డు మీద జానెడు నేల కూడా ఖాళీ లేదు. రోజూ మధ్యాహ్నం పడే వానలో నీడ లేకుండా పొయ్యి నిలవదు. పైగా సెయింట్ జాన్ పండగ అంటేనే మొక్కజొన్న జావ. ఊరంతా జావ తాగే పండగకు ఊరికల్లా మంచి జావ కాచే మనిషి రోడ్డున పడబోతోంది.

హెర్మీనియో కర్ర పుచ్చుకుని కొత్త యజమాని దగ్గరికి వెళ్ళాడు. మేజా మీద టక్ టక్. చెక్క గోడ అవతల జుల్మీరాకు ప్రతి ముక్కా వినిపిస్తోంది.

"అది భయం కాటండీ. కరిచి వదిలేసింది చూశారా? ఆకలిదైతే ఇంకా పట్టుకునే ఉండేది."

"ఏం మాట్లాడుతున్నావయ్యా నువ్వు?"

"తమరు వెనక నుంచి వెళ్ళారు. పైనుంచి చెయ్యి వేశారు. అట్లా చేస్తే దోన బ్రీజిదా అయినా కరుస్తుంది."

"మంచి మాట గుర్తుచేశావు. పండగకు ఆ పాము కూడా ఉండకూడదు."

కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకని జుల్మీరా పళ్ళు నూరింది. ఒక ఆడదాని బతుకుతెరువు గురించి మాట్లాడటానికి వెళ్ళిన మనిషి, ఆమెనూ పామునూ ఒకే గాట కట్టి, ఇద్దరినీ ముంచి వచ్చాడు. బయటికి రాగానే పట్టుకుంది.

"నా తరఫున నువ్వు మాట్లాడక్కర్లేదు. నాకు నోరుంది."

"ఉంది. గొడవంతా అక్కడే కదా," అన్నాడు హెర్మీనియో. ఆ రోజు ఆయనకు జావ దక్కలేదు.

పండగ ముందురోజు, దోన బ్రీజిదాకు మరో కాపురం వెతకడానికి హెర్మీనియో పడవవాడు కనూతో వెంట ఏటి అవతలికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చి ఏడుపులు మొదలుపెట్టేలోపు పామును గోనెలో కట్టేయాలని ఓతోనియెల్ ఆలోచన. పిండి తెచ్చే రైతు ఒకడు పండగ కానుకగా ఇచ్చిన రెండు కోళ్ళను అప్పటిదాకా చంకలో పెట్టుకుని తిరిగాడు. వాటిని కూలీ చేతికిచ్చి గోదాములోకి నడిచాడు. గుమ్మం దగ్గర సబ్బూ నిమ్మకాయా పెట్టిన నీళ్ళ తొట్టి ఉంది.

"చేతులు కడుక్కోండయ్యా, హెర్మీనియో రూలు," అన్నాడు కూలీ.

"నేను పాముతో కలిసి భోంచేయబోవడం లేదు," అని ఓతోనియెల్ లోపలికి వెళ్ళి, మూత ఎత్తి, చెయ్యి పెట్టాడు.

దోన బ్రీజిదా బుస కొట్టలేదు.

కేక విని కూలీలు బయటికి పరుగెత్తారు. లోపలికి పరుగెత్తింది జుల్మీరా ఒక్కతే, అదీ గరిటెతో. ఓతోనియెల్ చెయ్యి పాము నోట్లో ఉంది. మోచేతి దాకా చుట్లు బిగిసి ఉన్నాయి. కొత్త యజమాని బస్తాకు కాలు తన్నిపెట్టి లాక్కుంటున్నాడు. జుల్మీరా ఒక్క క్షణం నిలబడి చూసింది. ఆ క్షణం ఆమెకు హాయిగా ఉంది, అబద్ధమెందుకు. ఆ తరువాత, ఏం చేయాలో తనకు తెలుసని తెలిసొచ్చింది. వద్దన్నా వినిపించిన పాఠాలన్నీ ఎక్కడో దిగబడి ఉన్నాయి.

"లాగకు," అంది.

"చంపేస్తోంది నన్ను."

"చంపదు, విషం లేదు. నీ చేతికి కోడి వాసన ఉంది, కోడి అనుకుంది. పళ్ళు లోపలికి వంగి ఉంటాయి. లాగే కొద్దీ దిగుతాయి."

"దాని తల మీద కొట్టు."

"నోరు మూసుకుని కూర్చో."

యజమాని కూర్చున్నాడు. కూలీలు బస్తాల వెనక దాచుకున్న చెరుకు సారా సీసా ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. పాము పెదవి అంచున నాలుగు చుక్కలు పోసింది. ఆవిడకు ఆ రుచి నచ్చలేదు, పట్టు సడలించింది. జుల్మీరా తోక వైపు నుంచి చుట్టు తరువాత చుట్టు విప్పి, పామును పెట్టెలోకి జార్చి మూత వేసింది.

"ఇది ఆకలి కాటు," అంది. "ఆవేళ నేను నీ మీద పోసింది భయంతో. తేడా ఇప్పుడు తెలిసిందనుకుంటా."

మాట బయటికొచ్చాక గానీ తానేం అన్నదో ఆమెకు తెలియలేదు. తనకు భయమని ఆమె ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

పండగ పొద్దున ఓతోనియెల్ చేతికి కట్టుతో వచ్చాడు. బల్లకు ఎదురుగా, దూరంగా నిలబడి, తాళంచెవితో బల్ల అంచున టక్ టక్‌మనిపించాడు.

"నువ్వూ మొదలుపెట్టావా?" అని కయ్యిమంది జుల్మీరా.

"నాకేం తెలుసమ్మా, నిన్న సాయంత్రం హెర్మీనియో పాఠం చెప్పాడు. వెనక నుంచి వెళ్ళొద్దు, ముందు చప్పుడు చెయ్యి, ఆమె తలెత్తి చూసేదాకా ఆగు, ఎందుకని మాత్రం అడక్కు అన్నాడు. ఇక్కడికొచ్చే వాళ్ళందరికీ అదే పాఠమట." కాస్త ఆగి, "బల్ల ఇక్కడే ఉండనీ. పాము కూడా," అన్నాడు.

జుల్మీరా గరిటె పక్కన పెట్టి, జావ కోసం వచ్చి నిలబడ్డ కనూతో వైపు తిరిగింది.

"నీకూ చెప్పాడా?"

"ఆరేళ్ళయింది," అన్నాడు కనూతో నేల చూపులు చూస్తూ. "వెనక నుంచి పిలిచానని నా నెత్తిన గరిటె వేశావు గుర్తుందా? నిన్ను రేవు నుంచి పంపేయాలని అందరం అనుకున్నాం. హెర్మీనియో వద్దని ఇంటింటికీ తిరిగాడు. ఆమెది భయమని నీకెట్లా తెలుసయ్యా అంటే, కొట్టి వదిలేసింది కదా అన్నాడు. అప్పటిదాకా ఆయన పామును తప్ప ఎవరినీ తట్టేవాడు కాదు. నిన్నొక్కదాన్నే తడితే సంగతి నీకు తెలిసిపోతుందని, ఫాదర్‌గారితో సహా అందరినీ తట్టడం మొదలుపెట్టాడు."

"నాకు భయమని మీకందరికీ తెలుసన్నమాట."

"గోడలు పల్చన కదా. జిల్దాజియో ఉన్నన్నాళ్ళూ విన్నాం. విని ఊరుకున్నాం."

"అప్పుడు తలుపు తట్టాల్సింది," అంది జుల్మీరా.

జావ అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆమె మళ్ళీ గరిటె తీసి కలపసాగింది.

అంతలో హెర్మీనియో వచ్చాడు. అందరూ తననే చూస్తున్నారని గమనించకుండా బల్లను రెండు తట్లు తట్టాడు.

"ఒక గిన్నె, దోన జుల్మీరా."

"నీ లెక్కలో తడితే తిండి కాదని కదా అర్థం?"

"అవును."

"మరి రోజూ తట్టి వస్తావు. తిండి కోసం కాకపోతే దేనికొస్తున్నట్టు?"

ప్రతిదానికీ జవాబున్న హెర్మీనియో కర్రను చంకలో దాచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెడ నెమ్మదిగా చొక్కాలోకి కుంచించుకుపోయింది. ఊపిరి చప్పుడు బయటికి వినిపించింది. జుల్మీరా బల్ల మీదికి వంగి, ఆ మెడను కాసేపు పరీక్షగా చూసింది.

"కనూతో, చూడు," అంది. "ఇది ఆకలి కాదు. భయం."

గరిటె కాడతో ఆయన భుజాన్ని రెండుసార్లు మెల్లగా తట్టి, "కూర్చో, కరవనులే," అంది. హెర్మీనియో కూర్చున్నాడు. ఆ వేళ ఆమె జావలో చక్కెర వేయడం మరిచిపోయింది. ఆయన ఆ సంగతి చెప్పకుండా రెండు గిన్నెలు తాగాడు.