ఎనిమిది గళ్ళ మాస్టారు

మా మాస్టారు ఏ పని చేయాలన్నా ముందు కాగితం మీద ఎనిమిది గళ్ళు గీసేవారు. గొడుగు తీసుకెళ్ళాలా వద్దా అన్నదానిక్కూడా అంతే. ఒక్కో గడిలో ఒకటో సున్నానో వేసి, కింద సిరాతో సంతకం పెట్టాకే గడప దాటేవారు. ఈలోపు వాన వచ్చి వెళ్ళిపోయేది.

ఆయనకు ఆ జబ్బు మా పనే అంటించింది. మా షాపులో ఆయన కింద మేం ఆసుపత్రులకు కాలింగ్ బెల్స్ తయారుచేసేవాళ్ళం. రోగి మంచం దగ్గర బటన్ నొక్కితే నర్సు బల్ల మీద గంట మోగాలి. నర్సు తిరిగి నొక్కితే మంచం దగ్గర పచ్చదీపం వెలగాలి. అక్కడో చిప్, ఇక్కడో చిప్. అవి సీరియల్ పోర్టులో, అంటే తీగ మీద ఒక్కో అంకె చొప్పున, మాట్లాడుకోవాలంటే చిప్ లోపల ఉండే కంట్రోల్ రిజిస్టర్‌లోని ఎనిమిది గళ్ళూ సరిగ్గా నింపాలి. ఒక గడిలో ఒకటి వేస్తే చిప్ మాట్లాడుతుంది, పక్క గడిలో వేస్తే వింటుంది. రెండు వైపులా వేగం కూడా ఒకటే పెట్టాలి.

నాకు నేర్పడానికి ఇంకేం మిగల్లేదని కాలేజీని రెండో ఏడే వదిలేసినవాణ్ణి. నన్ను చూస్తే చిప్‌లు లేచి నిలబడేవి.

"గళ్ళెందుకండీ? నేరుగా చిప్‌లోకే కొట్టేస్తాను."

"పెన్సిల్‌తో నింపు. కాగితం మీద తప్పయితే రబ్బరు చాలు."

"నింపేది నేనూ, సంతకం మీదీనా?"

"మాట్లాడే గడి ఒకటి, వినే గడి సున్నా. నీతో ఇదేనయ్యా తంటా!"

ఎవరినైనా ఆయన తిట్టే తిట్టు అదొక్కటే. ఒకసారి వాళ్ళావిడ మీద కూడా ప్రయోగించారు.

"నా గళ్ళ సంగతి తర్వాత. ముందు వంటింట్లో కుళాయి కారుతోంది, అది చూడండి" అందావిడ.

నేను చేరిన ఆరు నెలలకు ఒక డాక్టరు మా సరుకు చూడటానికి వచ్చారు. "చదువు మధ్యలో ఆపినవాణ్ణి మీ మాట మీద పెట్టుకున్నాను. ఒక్క తప్పు చేశాడా, ఇంటికే" అని మా యజమాని మాస్టారికి ముందే చెప్పి ఉన్నాడు.

బటన్ నొక్కారు. గంట మోగింది. వెంట వచ్చిన నర్సు తిరిగి నొక్కింది. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది. డాక్టరు గడియారం చూసుకున్నారు.

"మంచం వైపు గళ్ళు నింపిందెవరు?" యజమాని అరిచాడు.

మాస్టారు ఫైలు తెరిచి, కాగితం చూసి, చటుక్కున మూసేశారు. "నేనేనండీ. వినే గడి సున్నాగా వదిలేశాను."

"ముప్పై ఏళ్ళ అనుభవం పెట్టుకునా!"

"వయసండీ."

అయిదు నిమిషాల్లో దీపం వెలిగింది. నా ఉద్యోగం నిలబడింది.

ఆ గళ్ళు ఎవరు నింపారో నాకు నిజంగా గుర్తులేదు. గుర్తులేని తప్పు ఎదుటివాళ్ళదేనని నా సిద్ధాంతం. అందుకే పదకొండేళ్ళు ఆ కథ ఊరంతా చెప్పాను, చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచాను. చివరికొచ్చేసరికి, మాస్టారు బల్ల కింద దాక్కుంటే నేను తీగ పళ్ళతో పట్టుకుని దీపం వెలిగించాను. ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతూ నవ్వేవారు.

ఆయన రిటైరయ్యాక బీరువా తాళాలు నా చేతికొచ్చాయి. పాత ఫైళ్ళు తిరగేశాను. సరిగ్గా పనిచేసిన ప్రతి కాగితం మీదా ఆయన సంతకం పక్కన నింపినవాడి పేరుంది, ఆయన చేతిరాతతోనే. పనిచేయనివాటి మీద ఆయన సంతకం ఒక్కటే. ఆనాటి కాగితమూ దొరికింది. సున్నాకి తోక తగిలించే అలవాటు మా షాపు మొత్తంలో ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ నేనే.

కాగితం పట్టుకుని ఆయనింటికి పరిగెత్తాను. మాస్టారు వంటింట్లో, అదే కుళాయి ముందు కూర్చుని గళ్ళు గీస్తున్నారు.

"మాస్టారూ, ఈ సున్నా నాది కదండీ?"

కళ్ళజోడు పైకి తోసి చూశారు. "పదకొండేళ్ళు పట్టిందా! వేగం మరీ తక్కువ పెట్టుకున్నావోయ్."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"రోజూ చెప్పానుగా, వినే గడి సున్నా అని."

ఇంకేం చెబుతారో విందామని ఆయన పక్కన కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆయన పెన్సిలూ కాగితమూ నా చేతిలో పెట్టారు. "ఈ కుళాయి గళ్ళు నువ్వు నింపు. మా ఆవిడ బజారు నుంచి వచ్చేలోపు తేల్చాలి."

చూస్తే గళ్ళన్నీ ఖాళీ. కింద సంతకం మాత్రం అప్పుడే పెట్టేసి ఉంది.