సందు మొదట్లో ఆగిన నడక

మనిషి నడిచిపోవడానికి ఎంత వెడల్పు దారి కావాలి? ఆవిడ ఉద్యోగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఇప్పటికీ దానికి జవాబు తేలలేదు.

ఊరంతటినీ కంప్యూటర్లో కట్టిన ఆఫీసు అది. ఇళ్లూ వీధులూ వేరేవాళ్లు పేర్చారు. వాటి మధ్య చూసేవాడి కన్ను ఎలా కదలాలో ఆవిడ రాసింది. పైకి ఎగిరితే వేగం పెరగాలి, నేలకు దిగితే మనిషి నడకలా ఉండాలి, గోడ తగిలితే ఆగాలి. దూరాన ఉన్నంతసేపు ప్రతి ఇల్లూ బోసి డబ్బా. దగ్గరికి వెళితేనే కిటికీలూ మెట్లూ బోర్డులూ తేలతాయి. మేనేజరుకి ఎగరడమే ఇష్టం, అందుకని చాటుగా ఆయన్ని గద్ద అనేవారు. ఆవిణ్ణి నడక మేడమ్ అనేవారు, ఎదురుగానే.

ఆ ఏడాది కొత్త రోడ్డు ఎటు వేయాలో ఆ బొమ్మ ఊరు చూసి తేల్చాలనుకున్నారు అధికారులు. అనుకున్న రెండు దారుల్లో ఒకటి ఆవిడ అక్క కుట్టు కొట్టున్న సందును కూల్చుకుంటూ పోతుంది.

"ఏమే, మా సందు మీ డబ్బాలో ఉందా?" అంది అక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"ఉందక్కా. విరిగిన నీ కొట్టు మెట్టు కూడా ఉంది."

"అక్కడైనా బాగుచేసి పెట్టకపోయావా, మహాతల్లీ!"

నవ్వే ఓపిక చెల్లెలికి లేదు. "వాళ్లని కిందకి దింపి నడిపిస్తే చాలు. మనుషులు బతికే చోటని వాళ్లకే తెలుస్తుంది."

"నడిపించవే. ఈ వయసులో ఇంకోచోట మిషను దించుకోవడం నావల్ల కాదు."

సమావేశంలో గద్ద చాలాసేపు ఎగిరాడు. తెర మీద సందు బూడిదరంగు గీతలా వచ్చి పోయింది. చివర్లో ఆవిడ మౌస్ అడిగి తీసుకుని కన్నుని నేలకు దించింది. సందు మొదట్లో బడ్డీకొట్టు తేలింది, కొళాయి తేలింది. పెద్ద అధికారి కుర్చీలో ముందుకు వంగాడు. ఆవిడ ముందుకు నొక్కింది. కన్ను కదల్లేదు. కాస్త పక్కకు జరిపి మళ్లీ నొక్కింది. ఊహూఁ.

అప్పుడు తట్టింది. కన్ను గోడల్లోకి దూరిపోతోందని గద్ద గోల పెడితే, దాని చుట్టూ ఉండే కనబడని కంచెను ఆవిడే వెడల్పు చేసింది. పెద్ద వీధుల్లో తిప్పి చూసి సరేననుకుంది. సందు ఆ కంచె కన్నా ఇరుకు. అక్కడివాళ్లు ఎదురుపడితే భుజం తిప్పుకుని పోతారు. ఆవిడ రాసిన నడకకు భుజం తిప్పడం రాదు.

"అంటే, దారే లేదన్నమాట," అన్నాడు అధికారి.

"ఉందండీ, రోజూ జనం పోతారు. ఒక్క కొలత మార్చాలి, కాస్త టైమిస్తే..."

"బొమ్మలోనే మీరు దూరలేకపోతే, రేపు అంబులెన్సేం దూరుతుందమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గద్ద మౌస్ లాక్కుని పైకి లేచాడు. బడ్డీకొట్టూ కొళాయీ మళ్లీ డబ్బాలైపోయాయి. "కొత్త రోడ్డు ఇటే ఖాయం చేయండి," అన్నాడు అధికారి, సందు మీద వేలు ఆనించి.

టీలు వచ్చాయి. "పోనీలెండి మేడమ్, ఆ కొలత రేపు సరిచేద్దురుగాని," అంటూ గద్ద ఒక కప్పు అందించాడు. ఆవిడ అందుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టింది. అధికారులు అప్పటికే ఇంకో పేటకు ఎగిరి, అక్కడి చెరువు గురించి వాదించుకుంటున్నారు. ఆవిడ సంచి భుజాన వేసుకుని, వాళ్ల కుర్చీల వెనకనుంచి, వస్తానని ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది.