సరళక్కకు కుర్చీ పడదు

సరళక్క కూర్చోదు. గాలికి ఇల్లు లేనట్టే ఆమెకు కుర్చీ లేదు. నిజానికి ఉంది. మేడ్చల్‌లో మా మందుల ప్యాకింగ్ లైను మొత్తానికి ఒక్కటే కుర్చీ. అది ఇంచార్జిది. ఇంచార్జి సరళక్కే. ఆమె కింద అసిస్టెంటుగా పనిచేసినన్నాళ్లూ ఆ కుర్చీ మీద ఆమె కొంగు వాలడం కూడా నేను చూడలేదు.

"జెర కూసోరాదక్కా!"

"కూసుంటే కాళ్లు తిమ్మిర్లెక్కుతయి సుధీరూ!" ఆ జవాబు వినపడేసరికి ఆమె లైను చివర ఉండేది.

మచ్చ బొల్లారంలో కంపెనీ బస్సెక్కి, దొరికిన సీటు ఎవరికో ఇచ్చేసి, ముందుకూ వెనక్కూ తిరిగేది. "ఎట్లాగు నడిసే వస్తున్నవు, నా డీజిల్ ఎందుకు దండుగ?" అనేవాడు డ్రైవరు మైసయ్య. దేవరయాంజాల్‌లో మా లైనులో పనిచేసే స్నిగ్ధ పెళ్లి బంతిలోనూ అంతే. తన చోటు ఓ ముసలమ్మకిచ్చి, పళ్లెం పట్టుకుని పందిరంతా తిరిగింది. సాంబారు గిన్నెతో వడ్డించేవాడు ఆమె వెంట పరుగెత్తాడు.

షామీర్‌పేటలో కొత్త షెడ్డు లేస్తోందని, లైను అక్కడికి మారుతుందని తెలిశాక ఆ నడక ఇంకా పెరిగింది. ఆ పనికి ప్రాజెక్టు మేనేజరు కావాలట. బయటివాడొస్తే యంత్రాలను తీసుకెళ్లి, వయసు మళ్లినవాళ్లను ఇక్కడే వదిలేస్తాడని పుకారు. మోకాళ్ల నొప్పుల ఐలమ్మ సీసాలకు మూతలు బిగిస్తూనే కళ్లొత్తుకుంది.

"ఆ నౌకరి నేనే అడుగుత," అంది సరళక్క, నడుస్తూనే.

ఇంటర్వ్యూ గది తలుపు సందు దగ్గర మేమంతా కళ్లూ చెవులూ పెట్టాం.

"ప్రాజెక్టులు నడిపిన అనుభవం ఉందామ్మా?" అన్నాడు పెద్ద సారు.

కుర్చీ అంచున ఒదిగిన సరళక్క కొంగు నడుముకు బిగించింది. లేచింది. నడిచింది. మాటలూ కదిలాయి.

"పొద్దూకి లారీ వస్తదంటే పొద్దుగాలనే డబ్బాలున్నయా సూస్త సారు. లేబుల్ మిషన్ ఆగితే ఆడి మందిని మూతల కాడికి పంపుత. మొఖం సూసి ఎవలకు పానం బాగలేదో తెలుసుకుంట. ఇన్నేండ్లల్ల ఏ లారీ ఖాళీగ పోలే. గిదే ఇంకో ఊరికి మార్సుడు గదా ప్రాజెక్టంటే?"

సార్ల తలలు ఊయలను చూస్తున్న పిల్లల తలల్లా అటూ ఇటూ ఊగాయి.

"కూర్చోమ్మా, మాకు మెడలు నొస్తున్నాయి!"

"కూసుంటే తిమ్మిర్లు సారు. ఇంకొక్కటి. మా లైనోళ్లందరు నాతోటే వస్తరు."

"సరే సరే. అందరినీ తీసుకెళ్లు. ముందు నిలకడగా నిలబడు!"

ఆమె షామీర్‌పేటకు వెళ్లింది. అక్కడ షెడ్డు పూర్తయ్యేదాకా ఇక్కడి ఇంచార్జి నేను. మొదటిరోజే కుర్చీలో దర్జాగా కూలబడ్డాను. మధ్యాహ్నం ఐలమ్మ మోకాలు పట్టుకుని వచ్చింది. నన్ను చూసి వెనక్కి తిరిగింది.

"ఏంది అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. సరళ తిరగబోయినప్పుడు ఖాళీగున్నది గదా అని గీ కుర్చీల జెరసేపు కూసుంటుంటి. నేనే గాదు, కాళ్లు గుంజినోళ్లందరం."

సరళక్కకు ఫోన్ చేశాను. "అక్కా, నీకు నిజంగనే తిమ్మిర్లా?"

అవతల ఏదో తీరిగ్గా జుర్రుకున్న శబ్దం. "మంచిగ కాళ్లు సాపుకొని కూసొని సాయ తాగుతున్న. కొత్త లైనుల మనిషికో కుర్చీ ఏయిస్తున్నలే." నవ్వింది. "గప్పటిదాంక నీకు రావాలె తిమ్మిర్లు."

ఫోన్ పెట్టేసి లేచాను.

"అవ్వా, నువ్వు కూసో. నా కాళ్లు తిమ్మిర్లెక్కినయి."

ఐలమ్మ నిమ్మళంగా కూలబడి, మోకాలు నిమురుకుంటూ నన్ను జాలిగా చూసింది.

"పాపం! గీ ఇంచార్జిలకందరికి ఒకటే రోగమేంది బిడ్డా?"