కాలినడక తిరుపతి

తిరుపతికి పౌరుషం ఎక్కువ. నాచారంలో అట్టపెట్టెల కంపెనీలో మెషీన్ నడుపుతాడు. ఆ మెషీన్‌కైనా అప్పుడప్పుడూ నూనె వేస్తే మెత్తబడుతుంది గానీ ఇతను మెత్తబడడు. నాలుగేళ్ల కిందట ఉప్పల్‌లో ఉండే చెల్లెలు హిమజ, కొడుకు పుట్టువెంట్రుకల కార్డు వాట్సాప్‌లో పంపింది.

"ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలువలేదు, నేనెందుకు పోవాలె? నేను మేనమామనా, లేకుంటే గ్రూపుల ఉన్న పదిమందిల ఒకణ్ణా?" అని కూర్చున్నాడు, పోలేదు. మేనమామ ఒళ్లో కూర్చోవాల్సిన పిల్లాడు ఇంకెవరి ఒళ్లోనో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

ఇతనికున్న ఒకే సరదా ఫోన్‌లో ఆన్‌లైన్ గేమ్. కోటలు, అడవులు, ఎక్కడెక్కడి మనుషులో కలిసి తిరిగే లోకం అది. అందులో ఊరికో మాయరాయి ఉంటుంది. ముట్టుకుంటే చాలు, రెప్పపాటులో కావలసిన ఊళ్లో తేలొచ్చు. అందరూ అలాగే తిరుగుతారు. తిరుపతి మాత్రం ఆ రాయిని ముట్టడు, ఎంత దూరమైనా నడిచే పోతాడు.

"తొవ్వ సూడనోడు ఊరు సూసినట్టెట్ల అయితది?" అని కంపెనీలో తోటివాళ్లకు పాఠం చెప్పేవాడు. వాళ్లు కాలినడక తిరుపతి అని పేరు పెట్టారు. శ్రీరంగనీతులు చెప్పడంలో మనవాణ్ణి మించినవాడు లేడు మరి.

మొన్న వేసవిలో ఆటలో ఆ ఖాళీ దారి మీద ఇంకొకరు నడుస్తూ కలిశారు. ఏదో మారుపేరు. ఇద్దరూ ఒక పాడుబడ్డ ఊళ్లోకి వెళ్లారు. ఆ మనిషి కనబడిన ప్రతి కుండనూ పగలగొట్టి, లోపల ఏముందో చూసుకుంటేగానీ కదల్లేదు. తిరుపతి ఆగి చూశాడు. హబ్సిగూడ నెట్ సెంటర్‌లో తను పక్కన కూర్చోబెట్టుకుని ఆటలు నేర్పినప్పుడు హిమజ అచ్చం ఇలాగే ఆడేది.

అయినా పేరెత్తలేదు. మాటల్లేవు కదా! మారుపేర్ల చాటునే నడుస్తూ టైప్ చేసుకునేవారు. పిల్లాడికి జ్వరమొచ్చిందని ఆమె చెబితే, తగ్గిందో లేదో తెలిసేదాకా ఇతనికి అన్నం సయించలేదు. డ్యూటీ నుంచి రాగానే ఫోన్ పట్టుకునేవాడు. నాలుగేళ్లలో అంత సంతోషంగా అతన్ని భార్య స్వర్ణలత చూడలేదు.

ఈలోగా రెండు గదుల ఫ్లాట్ అమరింది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ.

"ఇద్దరం పోయి బొట్టు పెట్టి పిలుసుకొద్దాం," అంది స్వర్ణలత. "ఉప్పల్ ఏమన్న ఢిల్లీనా?"

వెళితే ఆమె మొహం తిప్పుకుంటుందేమో, గడపలో నిలబడి తల వంచాల్సి వస్తుందేమో. ఆ భయం చెప్పుకోలేక "సూద్దాం తియ్యి" అని దాటేశాడు. ఆ సాయంత్రం ఆటలో ఇద్దరూ వంతెన దాటుతుండగా టైప్ చేశాడు. "చెల్లే, నేను అన్నను. ఆదివారం గృహప్రవేశం. నువ్వే పాలు పొంగియ్యాలె."

ఆమె ఆగిపోయింది. జవాబొచ్చింది.

"నువ్వేనని మొదటి దినమే తెలుసన్నా, రాయి ముట్టకుండ నడిసేటోడు ఇంకెవ్వడుంటడు? అందుకే నడిసిన. ఏదో ఒకనాడు ఇంటికొస్తవనుకున్న. నాడు నేను ఫోన్ల పిలిస్తె తప్పువట్టినవు. ఇయ్యాల నువ్వు దేంట్ల పిలుస్తున్నవు? ఈడ కోసులు కోసులు నడుస్తవ్, మా ఇల్లు నీకంత దూరమైందా?"

ఆమె వంతెన చివరనున్న మాయరాయిని ముట్టుకుంది. ఇంతకాలంలో ముట్టడం అదే మొదలు. దారి మీద ఇతనొక్కడే మిగిలాడు.

ఆదివారానికి ఇంకా వ్యవధి ఉంది. చెప్పులేసుకుని బయల్దేరితే సరిపోయేది. కానీ "తెలిసి తెలిసి నన్ను పిచ్చోణ్ణి జేసింది" అని ఉడికిపోయాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి పెదనాన్న కూతురు ఘట్‌కేసర్ నుంచి వచ్చి పాలు పొంగించింది. సొంత చెల్లెలు ఏదని అడిగిన ప్రతివాళ్లకూ పనుందట అని చెప్పి తలకాయ దించుకున్నాడు.

మరుసటి వారం ఆడబిడ్డకు పెట్టాల్సిన చీర పట్టుకుని స్వర్ణలత ఒక్కతే ఉప్పల్ వెళ్లింది. పొద్దుగూకే వేళకి తిరిగొచ్చింది. తిరుపతి గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"ఏమన్నది?"

"మంచిగ సూసుకున్నది. అన్నం తినేదాక పోనియ్యలే."

"నన్నడిగిందా?"

స్వర్ణలత చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.