పెద్దాయన మీద చెయ్యేసిన రోజు

తొంభైల నడుమ, ఎన్నికలు ఇంకో రెండు నెలలున్నాయనగా, నన్ను ప్రొద్దుటూరు నుంచి తీసి జమ్మలమడుగులో ఒక ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టుగా వేశారు. హోదాలో డాక్టరుకు కింద, కాంపౌండరుకు పైన. నడుములకు కరెంటు పెడతాను కాబట్టి జనం నన్ను 'కరెంటు సారు' అనేవాళ్లు. నా గర్వమంతా వేరే విద్య మీద ఉండేది. అది డీప్ టిష్యూ మసాజ్.

క్షౌరశాలలో తలకు చేసే మాలీషు వేరు, ఇది వేరు. పిడికిలితో, అవసరమైతే మోచేత్తో, పైకండ దాటి అడుగుకండ దాకా నిదానంగా నొక్కుతాం. హాయిగా ఏమీ ఉండదు. అందుకే నొప్పి పదికి ఎంత అని రోగిని అడుగుతూ ఉండాలి, ఆరు దాటిందంటే చెయ్యి తేలిక చేయాలి. కాలిలో రక్తం గడ్డకట్టినవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు, రక్తం పల్చబరిచే మాత్రలు మింగేవాళ్లకు ఇది పనికిరాదు.

పులివెందుల వైపు నుంచి ఒక ఊరి పెద్దాయన మెడ పట్టేసిందని వచ్చాడు. పేరు రాయను, ఆయన మనుషులు ఇంకా ఉన్నారు. ఇరవై ఏళ్లుగా జీపు ముందు సీట్లో కూర్చుని, వెనక ఏ బండి వస్తోందోనని తిరిగి తిరిగి చూసిన మెడ అది. వెంట వచ్చిన ఎనిమిది మంది గోడ వెంబడి నిలబడ్డారు. వాళ్ల చొక్కాల కింద ఏముందో నేను అడగలేదు.

ఫారం తీసి, మాత్రలేమైనా వాడుతున్నారా అన్నాను. పెద్దాయన ఒకసారి తన మనుషుల వైపు చూశాడు. "మాకు మాత్రలేంది సారూ? రాళ్లు తిని అరిగించుకునే ఒళ్లు ఇది" అన్నాడు. 'లేవు' అని రాసుకున్నాను.

కొంచెం నొక్కి, పదికి ఎంత అన్నాను. సున్నా అన్నాడు. పిడికిలి దించాను. మళ్లీ సున్నా. మోచెయ్యి పెట్టి మెడ నుంచి నడుము దాకా దిగాను. చెవుల వెనక చెమట కారుతోంది, బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి, నోరు మాత్రం సున్నా దాటలేదు. తన మనుషుల ముందు నొప్పి ఒప్పుకుంటే పెత్తనం పోతుందని ఆయన భయం. నాకేమో పంతం వచ్చింది. నా సర్వీసులో అంత తెలివితక్కువ పని ఇంకోటి చేయలేదు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి ముందు జీపు ఆగింది. దిగినవాడు ఓబులేసు, పెద్దాయనకు కుడిభుజం. "నువ్వు పెద్దాయన మీద చెయ్యేసినావంటనే?" అన్నాడు.

మా సీమలో చెయ్యేయడమంటే కొట్టడం. నా వృత్తిలో చెయ్యేయడమంటే వైద్యం. వేసినాను, అది నా పనే కదప్పా అన్నాను. ఓబులేసు మొహం చూశాక గానీ నేనేమన్నానో నాకే తెలియలేదు.

జరిగిందేమిటంటే, స్నానానికి చొక్కా విప్పితే పెద్దాయన వీపు మెడ నుంచి నడుము దాకా వంకాయ రంగులో ఉంది. పైగా అంతకు ముందు వారమే అవతలి పార్టీ నాయకుడు నా దగ్గర మోకాళ్లకు కరెంటు పెట్టించుకుని పోయాడు. రెండూ కలిపి, నేను అవతలివాళ్లు పురమాయించిన మనిషినని తేల్చుకున్నారు. జీపులో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పెద్దాయన ఇంటికి తీసుకుపోయారు.

వసారాలో మంచం మీద పెద్దాయన బోర్లా పడుకుని ఉన్నాడు. మామూలుగా నొక్కితే ఇంతగా కమలదని, రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లకే ఇలా అవుతుందని చెప్పాను. అవి ఎవరు వాడతారని ఓబులేసు అడిగాడు. గుండె జబ్బువాళ్లన్నాను. అందరి చూపులూ మంచం మీదికి పోయాయి. పెద్దాయన అవునంటే ఎన్నికల ముందు అవతలివాళ్లకు అలుసు. కాదంటే నేను నా కాళ్ల మీద ఇల్లు చేరను. ఆయన మొహం దిండులో పెట్టుకున్నాడు.

అంతలో లోపలి నుంచి ఆయన భార్య మాత్ర, నీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది. "ఆ సారును వదలండప్పా. రెండేండ్ల నుంచి ఈ మాత్ర నేనే మింగిస్తాండా. తిరుపతికని చెప్పి పోయింది బెంగుళూరు ఆస్పత్రికి. దాచుకునే రోగానికి ఇంకొకరి ఒళ్లు ఇరగ్గొడతారా యాడన్నా?" అంది.

ఓబులేసు మంచం దగ్గరికి జరిగాడు. "బీపీకి నేనూ ఒకటి మింగుతాండాలే మామా" అన్నాడు. వెనక నుంచి ఇంకొకడు తనకు షుగరన్నాడు. మూడోవాడు మూలశంక అన్నాడు. చుట్టుపక్కల ఊళ్లను గడగడలాడించిన ఆ ఎనిమిది మందిలో అయిదుగురు దొంగచాటుగా మందులు మింగేవాళ్లే. పెద్దాయనకు నవ్వు ఆగలేదు. నవ్వితే వీపు కలుక్కుమని "అమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట నిన్న అనుంటే సరిపోయేది. ఆ పూటే డాక్టరుకు చూపించమని చెప్పి, అదే జీపులో బయటపడ్డాను.

ఈ మసాజ్ మాకు సరిపడుతుందా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. నొప్పి పుడితే నోరు తెరిచి చెప్పేవాళ్లకు, మింగే మాత్రలు దాచనివాళ్లకు సరిపడుతుంది. తర్వాత పనిచేసినన్నాళ్లూ రోగి వెంట వచ్చినవాళ్లను బయటే కూర్చోబెట్టాను. మాత్రల సంగతి రోగిని ఒకసారి, ఆయన భార్యను విడిగా ఇంకోసారి అడిగి, ఆమె చెప్పింది ఫారంలో రాసుకున్నాను.