పతకాల కామాక్షయ్య

బిట్రగుంట రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు చీటీలు సరిచూసిన కామాక్షయ్య, రిటైరయ్యాక సైనికుల పతకాలు సరిచూడడం మొదలుపెట్టాడు. జిల్లా నుంచి యుద్ధాలకు వెళ్లిన పదాతి సిపాయిల్లో ఎవరికి ఏ పతకం ఎందుకిచ్చారో వివరంగా ఒక పుస్తకం వేయాలని ఆయన కోరిక. దానివల్ల పేరు రాలేదు గానీ, పెళ్లి పిలుపులు తగ్గాయి. ఏ ఇంటి గోడ మీద పతకం కనిపించినా భూతద్దం తీసి, "ఇది శౌర్యానికి కాదండీ, తొమ్మిదేళ్లు సర్వీసు చేసినందుకు" అని పెళ్లికొడుకు తాతగారి ముందే చెప్పేవాడు.

అలాంటి మనిషిని పులికాట్ ఒడ్డున ఒక పల్లె యువజన సంఘం వాళ్లు ఏరికోరి పిలిచారు. ఆ ఊరి పోలేరయ్య డెబ్బై ఒకటి యుద్ధంలో సిపాయి. తిరిగొచ్చాక సరస్సులో చేపలు పట్టుకుని బతికాడు. ఆయన పెట్టెలో ఒక పతకం ఉందని సంఘం అధ్యక్షుడు కిషోర్‌కి ఈ మధ్యే తెలిసింది. పంచాయతీ ఎన్నికలు కూడా ఈ మధ్యే దగ్గరపడ్డాయి. వెంటనే సన్మానం ఖాయమైంది, 'పరమవీర చక్ర గ్రహీత' అని ఫ్లెక్సీ లేచింది. అందులో పోలేరయ్య బొమ్మ పాస్‌పోర్టు సైజులోనూ, కిషోర్ నిలువెత్తునా ఉన్నారు.

కామాక్షయ్య పతకం అంచు మీద నంబరూ పేరూ చదివాడు. "మనిషి ఈయనే బాబూ. కానీ ఇది సంగ్రామ్ మెడల్. ఆ యుద్ధం నాటికి సైన్యంలో ఉన్నవాళ్లందరికీ ఇచ్చారు."

"మీరు సర్టిఫికెట్ ఇస్తారనే గదా సార్ పిలిచినాం," అన్నాడు కిషోర్. "ఫ్లెక్సీ కూడా కట్టేసినాం."

"ఫ్లెక్సీ మార్చొచ్చు కదా."

"యాడ మార్చేది సార్? సభ సాయంత్రమే."

సభలో కామాక్షయ్యకు చివరి కుర్చీ వేశారు. మైకు అటువైపు రాకుండా జాగ్రత్తపడ్డారు. శాలువా కప్పాక పోలేరయ్యను మాట్లాడమన్నారు.

"ఈ బిళ్ల మా కంపెనీలో అందరికీ ఇచ్చినారు," అన్నాడు ముసలాయన నింపాదిగా. "నేను చేసిందేం లేదు. కందకంలో కూర్చోమంటే కూర్చున్నా, కాల్చమంటే కాల్చినా. రాస్తే జడ్సన్ పేరు రాయండి. గూడూరాయన, మాకు వంట చేసేవోడు. గుండ్లు పడతా ఉంటే అన్నం డేక్సా నెత్తిన పెట్టుకోని మూడు దినాలు మా కాడికొచ్చినాడు. మూడో దినం గుండు మోతకి ఆయన చెవి పోయింది. ఆయనకీ ఇదే బిళ్ల."

కిషోర్ చటుక్కున మైకు అందుకుని, "చూసినారా, పరమవీరుల వినయం ఇట్లనే ఉంటాది," అన్నాడు. జనం ఈలలు వేశారు.

మర్నాటి పేపర్లో కూడా పరమవీర చక్రే వచ్చింది. కామాక్షయ్య సవరణ కోరుతూ ఉత్తరం రాశాడు. వాళ్లు దాన్ని 'స్థానిక పరిశోధకుడి అభినందన' అని వేశారు.

ఆ వారమే ఆయన గూడూరు వెళ్లి, రెండు రోజులు చర్చిల చుట్టూ తిరిగి జడ్సన్ ఇల్లు పట్టుకున్నాడు. జడ్సన్ పోయి పదకొండేళ్లయింది. కూతురు విజయకుమారి ఇంట్లోనే బట్టలు కుడుతోంది.

"మా నాయనకి మెడల్ వచ్చిందా?" అని ఆశ్చర్యపోయింది. "ఒక బిళ్లయితే ఉండాది." బీరువా తాళాల గుత్తి తెచ్చిచ్చి మళ్లీ కుట్టుకు కూర్చుంది. పతకం దానికే వేలాడుతోంది. ఒరుసుకుని అంచు అరిగిపోయింది. భూతద్దం ఎంత దగ్గరగా పెట్టినా పేరులో చివరి మూడక్షరాలే దొరికాయి. కామాక్షయ్య పోలేరయ్య చెప్పింది చెప్పాడు.

ఆమె కుట్టుమిషను ఆపింది. "ఎడం చెవి వినపడేది కాదు సార్. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని చెప్పినాడు మాకు." కాసేపటికి గుత్తిలోంచి తాళాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. "దీన్ని చింతపండుతో తోమొచ్చా?"

"వద్దమ్మా. ఉన్న అక్షరాలు కూడా పోతాయి."

ఆ రాత్రి ఆయన తన పుస్తకంలో జడ్సన్‌కి ఒక పేజీ కేటాయించాడు. ఆధారం లేనిదే అక్షరం రాయనివాడు, ఆధారం అన్నచోట 'పోలేరయ్య మాట' అని రాసి, కింద సంతకం పెట్టాడు.